రాయి ఫైలు

"ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్" అని కంప్యూటర్ రిపేరాయన అనేసరికి, అతనికి ఇవ్వబోయిన కాఫీ గ్లాసు వెనక్కి లాక్కున్నాను. లాక్కున్నానని నాకే తెలియలేదు. అతను చాచిన చేయి చాచినట్టే ఉంది.

"కొడితే అందులో ఉండేవన్నీ?" అన్నాను.

"పోతాయి. తుడిచిన పలక మాదిరి అయితాది."

పలకల సంగతి నాకు చెబుతున్నాడు! వెలుగోడులో, ఆత్మకూరులో ముప్పై ఏళ్ళు పిల్లల చేత పలకలు తుడిపించినదాన్ని నేను. తుడిచాక అంతకు ముందు ఏం రాసుందో ఎవరికి తెలుస్తుంది?

ఆ డబ్బాలో నాకు కావలసింది ఒక్కటే. మా ఆయన సమాధి రాయి మీద చెక్కించాల్సిన మాట. ఇంకో ఇరవై రోజుల్లో ఆయన పోయి సంవత్సరం. మా సంఘంలో ఏడాది తిరిగేసరికి సమాధి మీద రాయి పెట్టి, పాస్టరుగారితో ప్రార్థన చేయించి, వచ్చినవాళ్ళకు భోజనాలు పెడతారు. రాయి ఆళ్లగడ్డలో చెక్కుతారు. చెక్కాలంటే మాట కావాలి. మాట కంప్యూటర్లో ఉందని ఆయనే చెప్పాడు. ఎక్కడుందో చెప్పలేదు, మహానుభావుడు.

చెప్పలేదని ఆయన్ని అనడం న్యాయం కాదు. నేనే చెప్పనివ్వలేదు. ఆ రోజు ఛాతీ పట్టేసిందంటే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోతున్నాను. నంద్యాల బొమ్మలసత్రం దగ్గర ఆటో ఆగింది, ముందు ఏదో లారీ అడ్డం. అప్పుడు నా వైపు తిరిగి, "రాయి మాట కంప్యూటర్లో ఉందిలే. పేరు మార్చుకో, చాలు" అన్నాడు.

"నోరు మూసుకొని కూచో. గ్యాస్ నొప్పికే రాయి దాకా పోయినావు" అని కసిరాను.

మూసుకున్నాడు. మర్నాడు పొద్దున ఎనిమిదికల్లా మనిషే లేడు. ఆసుపత్రిలో చేరగానే ఆయనకు మందులిచ్చారు, రాత్రంతా మత్తులో ఉన్నాడు, నేను ఇంకేం మాట్లాడానో నాకు గుర్తులేదు. నోరు మూసుకోమన్నది మాత్రం గుర్తుంది.

ఆయన రెవెన్యూలో సర్వేయరు. భూములు కొలిచి కొలిచి ఇంట్లో మాటలు కూడా కొలిచే మాట్లాడేవాడు. నా గొంతు మూడిళ్ళ అవతలికి వినిపిస్తుంది, ఆయన గొంతు పక్క గదిలోకి కూడా వచ్చేది కాదు. మా సంఘంలో ఎవరు చనిపోయినా, వాళ్ళ ఇంటివాళ్ళు రాయి మాట కోసం అట్లాంటి మనిషి దగ్గరికే వచ్చేవారు. ఆయన వాళ్ళను కూర్చోబెట్టి, "ఆ మనిషి దినమూ ఏమనేవాడప్పా?" అని అడిగేవాడు. వాళ్ళు అరగంట ఏడుస్తూ చెప్పిందంతా విని, కంప్యూటర్లో ఒక్క వాక్యం కొట్టేవాడు. పైన సిలువ, పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ, కింద ఆ ఒక్క వాక్యం. కాగితం తీసుకొని తనే బస్సెక్కి ఆళ్లగడ్డకు పోయేవాడు.

అక్కడ శిల్పి పని చేసే పద్ధతి ఒకటుంది. ఆ కాగితాన్ని మైదా బంకతో రాయికి అంటించి, ఆరాక, అక్షరాల మీదుగా ఉలి నడిపిస్తాడు. అక్షరం రాతిలోకి దిగేకొద్దీ కాగితం పొడి పొడిగా రాలిపోతుంది. చివరికి కాగితం ఉండదు. అందుకే అసలు కాపీ ఎప్పుడూ కంప్యూటర్లోనే.

ఏమైందో గాని, పోయే ముందు రెండేళ్ళు ఆయన ఎవరికీ ఒక్క రాయి మాట కూడా కొట్టివ్వలేదు. "కండ్లు కనపడ్డంలే" అనేవాడు. ఒకసారి మా వెనక వీధి కుటుంబం వాళ్ళ అవ్వ కోసం వచ్చి, గంట సేపు కూర్చొని, ఊరికే తిరిగి వెళ్ళారు. నాకు తల కొట్టేసినట్టయింది. "పేపరు మూల మూలా చదువుతావు. నాలుగు వరసలు కొట్టడానికి నీకు కండ్లు లేవా? ఏం మనిషివయ్యా?" అని చెడామడా వాయించాను. ఆయన లేచి పెరట్లోకి పోయి కాళ్ళు కడుక్కున్నాడు. నాతో మాట తప్పించుకోవాలంటే కాళ్ళు కడుక్కునేవాడు. మా ఇంట్లో అంత శుభ్రమైన కాళ్ళు ఆయనవే.

ఇక కంప్యూటర్ సంగతి. మా అమ్మాయి చదువుకని పన్నెండేళ్ళ కింద కొన్నది. అమ్మాయికి పెళ్ళయి కర్నూలు పోయాక ఆయన సొంతం చేసుకున్నాడు. ఇప్పుడు దాని పరిస్థితి ఏమిటంటే, బటన్ నొక్కి, కుక్కర్ పొయ్యి మీద పెడితే, మూడో విజిల్‌కు తెర మీద వెలుగొస్తుంది. చప్పుడు పిండిమర చప్పుడు. ఆయన పోయాక నేను ముట్టుకోలేదు. రాయి సంగతి దగ్గరపడ్డాక నొక్కితే, నీలం తెర వచ్చి ఇంగ్లీషులో ఏదో శాపం పెట్టి ఆరిపోయింది. అమ్మాయికి ఫోన్ చేస్తే, "తీసి పారేయమ్మా ఆ డబ్బాను, నేను కొత్త ల్యాప్‌టాప్ కొనిస్తా" అంది. నాయన మాట అందులో ఉందే అన్నాను. "అయితే ఎవరినన్నా పిలిపించు, జాగ్రత్తమ్మా" అంది.

అట్లా వచ్చాడు ఈ రిపేరాయన. సంజీవనగర్‌లో షాపు. నలభై దాటిన మనిషి, నిదానస్తుడు. డబ్బా మూత విప్పాడు. ఓరి దేవుడా! లోపల దుమ్ము పరుపులో దూది మాదిరి పేరుకొని ఉంది. దాని మధ్యలో రెండు బల్లి గుడ్లు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. అతను మాత్రం నవ్వి, "ఇది శానా ఇండ్లలో ఉంటాది మేడమ్" అన్నాడు.

దుమ్మంతా ఊది, ఏవేవో తీగలు పీకి మళ్ళీ గుచ్చాడు. డబ్బా మూలుగుతూ లేచింది. అప్పుడు నాకు రెండు దారులు చెప్పాడు. ఒకటి, పనికిరానివి తీసేసి, వైరస్‌లు ఏరేసి శుభ్రం చేయడం. దానికి ఒక దినమంతా పడుతుంది, చేసినా మూడు నెలలు నడవొచ్చు, ఈ సాయంత్రమే పోవచ్చు. రెండోది ఫార్మాట్. అంతా తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి.

"ముందు నా మాట దొరకనీ. ఆ తర్వాత ఏం కొట్టుకుంటావో కొట్టుకో" అన్నాను, గ్లాసు ఇస్తూ.

"ఫైలు పేరేంది మేడమ్? ఆ ఒక్కటి పెన్ డ్రైవులో తీసిపెట్టుకుంటే సరిపాయె."

పేరే తెలిస్తే ఇతన్ని ఎందుకు పిలుస్తాను! తెరిచి చూశాడు. చూసి, తల గోక్కున్నాడు. లోపల 1, 2, 2ఏ, 2బి, 2బి1, 3... ఇట్లా వరసగా అంకెలే.

"ఏందిది మేడమ్, ఒక్కదానికీ పేరే లేదు?"

"సర్వే నంబర్లప్పా" అన్నాను నీరసంగా. కంప్యూటర్ని కూడా పొలం మాదిరి చీల్చి, ఉపవిభాగాలు చేసి, నంబర్లు వేసి పెట్టాడు. దీనికి పాస్‌బుక్ కూడా ఎక్కడో ఉండే ఉంటుంది.

ఒక్కొక్కటే తెరిచాం. ఒక్కొక్కటి తెరుచుకునేలోపు నేను వంటింట్లోకి పోయి ఒక ఉల్లిగడ్డ తరిగి వచ్చేదాన్ని. రెండులో గట్టు రాళ్ళ ఫొటోలు. 2ఏలో ఇంకా గట్టు రాళ్ళు. మూడులో కరెంటు బిల్లులు, అమ్మాయి హాల్ టికెట్లు. నాలుగులో ఒకే ఒక ఫొటో, నేను వాకిట్లో నిలబడి పాలతన్ని తిడుతున్నది. చేయి పైకెత్తి, నోరు ఇంత తెరిచి! ఎప్పుడు తీశాడో, ఎందుకు తీశాడో, దానికి ఒక సర్వే నంబరంతా ఎందుకు కేటాయించాడో. రిపేరాయన గబగబా దాన్ని మూసేశాడు.

ఏడులో ఉంది. అంకెల మధ్య అక్షరాలున్న ఒకే ఒక్క ఫైలు. రాయి.

"దొరికె మేడమ్!" అన్నాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకొని ముందుకు వంగాను.

పైన సిలువ. సిలువ కింద నా పేరు.

మొదట నాకు అర్థం కాలేదు. నా పేరు ఎందుకుంటుంది, భార్య అని వేశాడేమో అనుకున్నాను. దాని కింద తేదీ చూశాను. నేను పుట్టిన తేదీ. దాని కింద "ప్రభువునందు నిద్రించినది" అని ఉంది, ఎదురుగా చుక్కలు. వరసగా చుక్కలు, తేదీ కోసం. అన్నిటికీ కింద ఒక్క వాక్యం:

పక్క చోటు మాదే.

కుర్చీ ఎక్కడుందో చేత్తో వెతుక్కొని కూర్చున్నాను. రిపేరాయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు, గోడ మీద ఉన్న నా రిటైర్మెంటు ఫొటో కింద పేరు చూశాడు. కాఫీ గ్లాసు మెల్లగా కింద పెట్టేశాడు.

"తక్కినవి యాడుండాయి? ఆయన ఎంతమందికి కొట్టిచ్చినాడు, అవన్నీ యాడ?" అన్నాను.

"ఇదొక్కటే ఫైలు మేడమ్. దీని మీదనే కొట్టుకుంటా వచ్చినట్టుండాడు సారు. పాత పేరు తీసేసి కొత్త పేరు ఎక్కిచ్చి, అట్లనే సేవ్ చేసినాడు. ఆఖరుది ఒకటే మిగిలింది."

అంటే మా సంఘంలో పోయినవాళ్ళంతా ఈ ఒక్క కాగితంలోంచే పోయారు, ఒకరి మీద ఒకరు. చివరికి నేను! నేను బతికే ఉన్నాను, ఉల్లిగడ్డలు తరుగుతున్నాను, అందులో మాత్రం చుక్కల ముందు నిలబడి ఉన్నాను.

తేదీ చూడమంటే చూశాడు. మూడేళ్ళ కిందటిది. అప్పుడు తెలిసింది. ఆ నెలంతా నేను కర్నూలు ఆసుపత్రిలో ఉన్నాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, మెషిన్ పెట్టి, బంధువులకు కబురు చేసుకోమని డాక్టర్లు చెప్పారట. ఆ తర్వాత నేను లేచాను. డిశ్చార్జి చేయకముందే ఇడ్లీ చల్లగా ఉందని క్యాంటీన్ వాళ్ళతో గొడవ పెట్టుకున్నాను.

ఒళ్ళు మండిపోయింది. అదే నాకు ముందు వచ్చింది, కోపం. నేనక్కడ ఊపిరి కోసం కొట్టుకుంటుంటే ఈయన ఇంటికొచ్చి, ఈ కుర్చీలో కూర్చొని, నా పేరు కొట్టాడా? అదీ ఏం మాట! నంద్యాల బస్టాండులో కిటికీలోంచి తువ్వాల విసిరి సీటు ఆపేవాడు. ఎవరన్నా వచ్చి అడిగితే ఆయన నోట్లోంచి వచ్చేది అదొక్కటే, "పక్క చోటు మాదేనప్పా." చచ్చినా నాకు బస్సేనా!

దాని వెనకే ఇంకొకటి తట్టింది. ఉన్న ఒక్క రాయి ఫైలూ నాదైతే, ఆయనది ఎక్కడ?

"ఇంక ఏం జేద్దాం మేడమ్? శుభ్రం చేయాల్నా, ఫార్మాటా?"

"ముట్టుకోవద్దు. రెండూ వద్దు. నేను చెప్పేదాకా దాన్ని ఆపి పెట్టు" అన్నాను.

మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆయన తన మాట వేరే కాగితం మీద కొట్టి శిల్పికి ముందే ఇచ్చిపెట్టాడేమో అని ఒక ఆశ. అట్లా చేసే మనిషే. కిటికీ పక్కన కూర్చున్నాను. శిరివెళ్లలో బుట్ట పట్టుకొని ఒకామె ఎక్కి, "ఈడ ఎవరన్నా ఉండారామ్మా?" అని అడిగింది.

నోటి దాకా వచ్చింది. "లేరు, కూచో" అని జరిగాను.

శిల్పి షెడ్డు దగ్గర దిగేసరికి మెషిన్ చప్పుడు, రాతి పొడి. సగం చెక్కిన వినాయకుళ్ళు, మొహం ఇంకా తేలని నరసింహస్వామి. శిల్పి కనుబొమ్మల మీద కూడా తెల్లటి పొడి. మా ఆయన పేరు చెప్పగానే ఉలి కింద పెట్టి లేచాడు.

"సారు బాగుండాడామ్మా? రెండు మూడేండ్లాయె, ఈ దిక్కే రాలేదు."

చెప్పాను. సంవత్సరం అవుతోందని చెప్పాను. అతను మెషిన్ ఆపమని పనివాళ్ళకు సైగ చేశాడు. షెడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తల మీది గుడ్డ తీసి చేతిలో పట్టుకొని, "నాకు కబురే తెలీదు గదమ్మా" అన్నాడు.

"ఆయన రాయికని నీకేమన్నా కాగితం ఇచ్చినాడా అన్నా?"

అతను నన్ను అప్పుడు సరిగ్గా చూశాడు. చూసి, ఒకడుగు వెనక్కి వేశాడు.

"కర్నూల్లో ఉన్నింది నువ్వేనా తల్లీ?"

"నేనే."

"రా" అన్నాడు.

షెడ్డు వెనక, గోడకు ఆనించి ఒక నల్లరాయి. గోనెపట్ట కప్పి ఉంది. పట్ట తీసి, మగ్గుతో నీళ్ళు చల్లాడు. పై భాగమంతా నున్నగా, బోడిగా ఉంది. సిలువ లేదు, పేరు లేదు, తేదీ లేదు. అడుగున మాత్రం ఒక్క వరస, లోతుగా, ఏ అక్షరానికి ఆ అక్షరం తీరుగా చెక్కి ఉంది. పక్క చోటు మాదే.

ఆ వరస మీద తడి ఆరకముందే వేలితో ఒక్కో అక్షరం తడిమాను.

"నేను అడుగు నుంచి మొదలుపెడతానమ్మా" అన్నాడు శిల్పి. "పైనుంచి చేస్తే చేయి ఆని కింద కాగితం నలిగిపోతాది. నువ్వు ఆసుపత్రిలో ఉండంగా సారు కాగితం తెచ్చిచ్చె, ఈ ఒక్క వరస అయిండె. పొద్దున్నే సారు ఫోను. 'ఆపప్పా, ఆపు! మనిషి లేచి కూచ్చుంది' అని. అరుస్తాండాడు ఫోన్లో. సారు అరిసేది నేనెప్పుడూ ఇన్లే."

నేను కూడా ఎప్పుడూ వినలేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా వినలేదు.

"నాలుగు దినాలకు వచ్చినాడు. పైనుండే కాగితం తడిగుడ్డ పెట్టి ఆయనే తీసినాడు, నన్ను ముట్టుకోనీలే. ఈ వరస అరగదీస్తా, రాయి ఇంకొకరికి పనికొస్తాది సార్ అంటి. వద్దనె. 'ఉండనీప్పా. ఇద్దర్లో ఎవరు ముందైతే వాళ్ళకు. పేరు మార్చుకుంటే చాలు' అనె."

పేరు మార్చుకుంటే చాలు. ఆటోలో నాకు చెప్పింది అదే. ఎక్కడుందో, ఏం చేయాలో, అన్నీ చెప్పేశాడు. నేను గ్యాస్ నొప్పి అన్నాను.

సిగ్గేసింది. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు సిగ్గే. వెనక వీధి అవ్వ వాళ్ళు వచ్చి కూర్చున్న రోజు గుర్తొచ్చింది. ఆయనకు కళ్ళు బాగానే కనపడ్డాయి. ఆ ఫైలు తెరిచి, నా పేరు తీసేసి, ఇంకొకరి పేరు ఎక్కించడానికి ఆయనకు చేతులు రాలేదు. దానికి నేను ఎన్ని తిట్లు తిట్టాను! పెరట్లో ఎన్నిసార్లు కాళ్ళు కడిగించాను!

శిల్పి నేను తేరుకునేదాకా పక్కకు పోయి నిలబడ్డాడు. తర్వాత వచ్చి, "పేరు కాగితం తెచ్చియ్యమ్మా, మూడు దినాల పని. సిలువ కూడా పెద్దదే కొడతా" అన్నాడు.

మూడో రోజు పొద్దున ఆ డబ్బాను ఆటోలో ఒళ్ళో పెట్టుకొని సంజీవనగర్ షాపుకు తీసుకుపోయాను. రిపేరాయన తెరకు తగిలించి, మూలుగు అయ్యేదాకా ఆగి, ఏడో నంబరు తెరిచి లేచి నిలబడ్డాడు. "నేను కొట్టేదా మేడమ్?"

"నేనే కొడతా" అన్నాను.

ఒక్క వేలితో కొట్టాను. ముందు నా పేరు చెరపాలి. ఒక్కో అక్షరం వెనక నుంచి పోతుంటే ఏదోలా అయింది, చివరి అక్షరం దగ్గర కాసేపు ఆగాను. ఆయన పేరు కొట్టాను. ఆయన పుట్టిన తేదీ కొట్టాను. "నిద్రించినది" తీసి "నిద్రించినవారు" అని మార్చాను. చుక్కలు తీసేసి పోయిన తేదీ వేశాను. అడుగు వరస దగ్గరికి వచ్చాను. అక్కడ మార్చడానికేమీ లేదు.

కాగితం ప్రింటయి వేడిగా చేతికొచ్చింది. రెండుసార్లు చదివి, మడత పడకుండా అట్టలో పెట్టుకున్నాను. ఫైలు మూయబోతే తెర మీద అడిగింది, మార్పులు సేవ్ చేయాలా అని.

"యస్ కొట్టండి మేడమ్."

నో కొట్టాను.

"అయ్యయ్యో! సారుది పాయె గదా!"

"సారుది రాయి మీదికి పోతాంది లేప్పా. అందులో ఉండేది నాది. అది అట్లే ఉండాల" అన్నాను. మళ్ళీ తెరిపించి చూశాను. సిలువ కింద నా పేరు, నా తేదీ, చుక్కలు, అన్నీ ఉన్నాయి. "ఆ ఒక్క ఫైలు, నాలుగులో ఉండే, నేను పాలోణ్ణి తిట్టే ఆ ఫొటో పక్కకు తీసిపెట్టు. తక్కిందంతా ఫార్మాట్ కొట్టేయ్. గట్టు రాళ్ళు నాకెందుకు?"

సాయంత్రానికి డబ్బా ఇంటికొచ్చింది. నొక్కితే కుక్కర్ ఎక్కించేలోపే వెలుగొచ్చింది. చప్పుడు లేదు. అంత డబ్బాలో రెండే ఉన్నాయి, నేను అరుస్తున్న ఫొటో, నా రాయి.

అమ్మాయికి ఫోన్ చేశాను. నాయన రాయి సంగతంతా చెప్పాను. అవతల చాలాసేపు ఏడ్చింది, ఏడవనిచ్చాను. తర్వాత, "ఇంకొకటి విను. నా రాయి మాట కూడా కంప్యూటర్లోనే ఉంది. నువ్వు పేరు కూడా మార్చే పన్లేదు. చుక్కల్లో తేదీ వేసుకో, చాలు" అన్నాను.

"నోరు మూసుకోమ్మా!" అంది.

మూసుకోలేదు. ఏ డ్రైవులో ఉందో, ఏ నంబరులో ఉందో, ఫైలు పేరేమిటో అంతా చెప్పి, అది కాగితం మీద రాసుకొని నాకు తిరిగి చదివి వినిపించేదాకా ఫోన్ పెట్టలేదు.